ఆగస్టు పేజీలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి

మీరు అడిగింది ఇదీ. చెన్నైలోని మీ తెలుగు సంఘం ఆగస్టు సంచికలో "ఈ నెలలో చరిత్ర" అనే పేజీ మీకు అప్పజెప్పారు. నెట్‌లో వెతికితే ఆ నెలకు వందల తేదీలు దొరికాయి. కొన్నింటికి ఒక్కోచోట ఒక్కో తేదీ ఉంది. ఏవి వేయాలి, తేదీ తేడా వస్తే ఏం చేయాలి అన్నారు. ఈ ఊళ్ళో ఇలాంటి పేజీలు చాలాకాలంగా చేస్తున్నవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు తీసేయడంతో మొదలుపెట్టండి. హిరోషిమా, క్విట్ ఇండియా, మదర్ థెరిసా పుట్టినరోజు లాంటివి ప్రతి పేపర్లోనూ, ప్రతి స్కూలు బోర్డు మీదా వస్తాయి. అవి చిన్నవని కాదు, వాటికి మన పేజీ అక్కర్లేదు. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. పెరంబూరులోనో సాలిగ్రామంలోనో ఉండే మన పాఠకుడు ఆ తేదీ చదివి, ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ చోటికి వెళ్ళి నిలబడగలడా? నిలబడగలిగితే ఉంచండి. అలా వడకడితే వందల తేదీలు ఏడెనిమిదికి దిగుతాయి. ఆగస్టు విషయంలో ఇంకో సౌకర్యం ఉంది. మద్రాసుకు సంబంధించిన పెద్ద తేదీల్లో చాలావాటి చోట్లు ప్యారీస్ కార్నర్ చుట్టుపక్కలే ఉన్నాయి. హైకోర్టు మెట్రోలో దిగితే చాలావరకు నడిచే చూడొచ్చు.

పేజీ మధ్యలో ఆగస్టు 22 వేయండి, దానికి ఎక్కువ చోటివ్వండి. మద్రాసు దినం అని 2004 నుంచి జరుపుతున్నది అదే. మన సంఘాలు మాత్రం దాన్ని ఎవరిదో పండగలా చూసి వదిలేస్తాయి. అసలు కథలో మనవాళ్ళు లేని చోటు వెతకాలి. ఈస్టిండియా కంపెనీకి అప్పటికి మచిలీపట్నంలో ఒక స్థావరం, నెల్లూరు తీరాన దుగరాజపట్నంలో ఇంకొకటి ఉండేవి. దుగరాజపట్నంలో వ్యాపారం గిట్టుబాటు కాక, బట్టలు బాగా దొరికే చోటు వెతుక్కుంటూ ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వచ్చాడు. అతనికి ఇక్కడి ఇసుకతీరం ఇచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. చంద్రగిరి రాయల కింద సామంతుడు, వందవాసి కేంద్రంగా ఉండేవాడు. తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూందమల్లి నుంచి ఈ వైపు వ్యవహారాలు చూసేవాడు. కొత్త ఊరికి తమ తండ్రి చెన్నప్ప పేరు పెట్టమన్నారని, చెన్నపట్నం అలా వచ్చిందని ఎక్కువమంది ఒప్పుకునే మాట. చెన్నకేశవస్వామి గుడి వల్ల వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. ఆ తగువు మన పేజీలో తేలదు, ఒక వాక్యంలో రెండూ చెప్పి ముందుకు పోండి.

మీరు అడిగిన తేదీల తేడాకు ఇదే మంచి ఉదాహరణ కూడా. డేకు ఈ తీరం రాసిచ్చిన దస్తావేజు మీద ఉన్నది 1639 జూలై 22. కానీ డే ఇక్కడికి చేరింది జూలై 27న అని కంపెనీ రికార్డుల వల్ల తెలుస్తోంది. రాని మనిషికి రాసివ్వడం కుదరదు కాబట్టి, నెల పేరు రాయడంలో పొరపాటు జరిగిందని తీర్మానించి ఆగస్టు 22 ఖాయం చేశారు. ఇంకో మెలిక, ఇంగ్లండు అప్పటికి పాత జూలియన్ క్యాలెండరే వాడుతోంది. 17వ శతాబ్దంలో దానికీ ఇప్పటి మన క్యాలెండరుకూ పది రోజుల తేడా. ఆ లెక్కన ఆగస్టు 22 అంటే మనకు సెప్టెంబరు 1. అలాగని పండగను మార్చనక్కర్లేదు, ఊరంతా ఒప్పుకున్న తేదీ ఆగస్టు 22, అదే వేయండి. కానీ ఈ నాలుగు మాటలు కింద చిన్న అక్షరాల్లో ఉంటే ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళు కూడా ఆగి చదువుతారు. ఇలాంటి లెక్కలంటే వాళ్ళకు సరదా.

బేరి తిమ్మప్పను మాత్రం మరిచిపోకండి. కంపెనీవాళ్ళ మాట నాయకులకూ, నాయకుల మాట వాళ్ళకూ చేరవేసిన దుబాసీ ఆయన. కోట బయట చెన్నకేశవస్వామి గుడి కట్టించిందీ ఆయనేనని చెబుతారు. ఆ పాత గుడి ఇప్పటి హైకోర్టు ఉన్న చోట ఉండేది. కోట చుట్టూ ఫిరంగులకు అడ్డు లేకుండా మైదానం కావాలని 1757 ప్రాంతంలో దాన్ని పడగొట్టారు. తర్వాత పూలబజారు పక్కన దేవరాజ ముదలి వీధిలో చెన్నకేశవ, చెన్నమల్లికేశ్వర గుళ్ళు జంటగా కట్టారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. స్టేషనరీ హోల్‌సేల్ కొట్ల మధ్య ఇరుక్కుపోయి ఉంటాయి కాబట్టి, దారి స్పష్టంగా రాయండి.

ఆగస్టు 15కు రెండు వాక్యాల జెండా వందనం రాసి ఊరుకోకండి, దానికి మద్రాసువి మూడు సంగతులున్నాయి. 1862లో ఇదే తేదీన మద్రాసు హైకోర్టు మొదలైంది, బొంబాయి హైకోర్టు అంతకు ఒక్కరోజు ముందు. ఇప్పుడు మనం చూసే ఎర్ర భవనం తర్వాతది, 1892లో తెరిచారు. రెండోది, 1947లో సెయింట్ జార్జి కోట మీద ఎగరేసిన జెండా. అది కోటలోని మ్యూజియంలో అద్దాల పెట్టెలో భద్రంగా ఉంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, అది కూడా వేయండి, లేకపోతే వెళ్ళి తలుపు చూసి వచ్చినవాళ్ళు మిమ్మల్నే తిడతారు. మూడోది చాలామందికి తెలియదు. స్వాతంత్ర్య దినాన రాష్ట్రాల్లో జెండా ఎగరేసే హక్కు ముఖ్యమంత్రులకు వచ్చింది 1974లో. అంతకుముందు గవర్నర్లు ఎగరేసేవాళ్ళు. అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి పట్టుబట్టి సాధించుకున్న మార్పు అది, ఆ ఏడు కోట మీద ఆయనే ఎగరేశారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈరోజు ముఖ్యమంత్రులు జెండా ఎగరేస్తున్నారంటే దాని మూలం ఇక్కడుంది.

నా మటుకు నాకు ఈ నెల మొత్తంలో ఇష్టమైన తేదీ ఆగస్టు 18. ఒకే తేదీ మీద రెండు వేర్వేరు శతాబ్దాల సంగతులున్నాయి, రెండూ మనకు కావలసినవే. 1928లో ఆ రోజున మ్యూజిక్ అకాడమీని ఎస్ప్లనేడ్‌లోని వైఎంసీఏ హాల్లో సర్ సి.పి. రామస్వామి అయ్యర్ ప్రారంభించారు. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు పక్కనే సంగీత సభ కూడా పెట్టారు, అకాడమీ ఆలోచన అక్కడ పుట్టింది. మార్గళి కచేరీలకు అలవాటుపడ్డ వాళ్ళకు అకాడమీ అంటే డిసెంబరే గుర్తొస్తుంది, ఆగస్టు ఎవరికీ గుర్తుండదు. వైఎంసీఏ భవనం హైకోర్టుకు ఎదురుగానే ఉంది.

రెండోది 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణం. దీన్ని మీ లిస్టులో "గుంటూరులో హీలియం కనిపెట్టిన రోజు" అని రాసుకున్నారు. వాట్సాప్‌లో తిరిగే మాట అదే, కానీ అలా వేయకండి. జరిగింది ఇంకా బాగుంటుంది. ఆ రోజు సంపూర్ణ గ్రహణం నీడ మన ప్రాంతాల మీదుగా పోయింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి నుంచి చూశాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును విడదీస్తే పట్టకంలో మెరిసే గీతలు కనిపించాయి. వాటిలో ఒకటి పసుపుపచ్చది. అది సోడియం గీత అనుకున్నారు. కానీ పాగ్సన్ అది సోడియం గీతకు సరిగ్గా సరిపోవడం లేదని గమనించాడు. గీతలు అంత ప్రకాశంగా కనిపించేసరికి జాన్సెన్ మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని చూసే పద్ధతి పట్టుకున్నాడు. ఆయన అసలు ఘనత అది. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ ఆ పసుపు గీతను గ్రహణం లేకుండానే కొలిచాడు. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ అది చెందదనే ఆలోచన అక్కణ్ణుంచి వచ్చింది, సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నారు. భూమ్మీద దాన్ని పట్టుకున్నది 1895లో, రామ్సే. కాబట్టి "హీలియం కథ మొదలైన రోజుల్లో ఒకటి, గుంటూరు, మచిలీపట్నం, వనపర్తి" అని వేయండి. గుంటూరువాళ్ళకేమీ తక్కువ కాదు, పైగా బందరువాళ్ళూ, పాలమూరువాళ్ళూ కూడా సంతోషిస్తారు.

ఇక్కడ రఘునాథాచారి గురించి రెండు మాటలు ఎక్కువ రాయండి. గ్రహణానికి ముందటేడే ఒక చరతారను కనిపెట్టాడు. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాన్ని చరతార అంటారు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1872లో ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది. ఆయన పనిచేసిన అబ్జర్వేటరీ నుంగంబాక్కంలో, ఇప్పటి వాతావరణ కేంద్రం ఆవరణలో ఉండేది. భవనం పోయింది కానీ 1792 నాటి గ్రానైటు స్తంభం నిలిచే ఉంది. ఆసియాలో గణితశాస్త్రాలు నాటిన కాలం వెయ్యేళ్ళ తర్వాతివాళ్ళకు కూడా తెలియాలని దాని మీద కొన్ని భాషల్లో చెక్కించారు, వాటిలో తెలుగు ఒకటి. ఆవరణలోకి ఊరికే పోనివ్వరు, ముందుగా అడిగి వెళ్ళాలి. మీ సంఘం తరఫున ఒక ఉత్తరం రాస్తే పిల్లల్ని గుంపుగా తీసుకెళ్ళొచ్చేమో కనుక్కోండి.

ఆగస్టు 23 టంగుటూరి ప్రకాశం జయంతి, 1872. ఆంధ్రకేసరి, ఆంధ్ర రాష్ట్రం తొలి ముఖ్యమంత్రి అని రెండు బిరుదులు వేసి ఫొటో పెట్టడం అలవాటైపోయింది. చెన్నై పేజీకి అది చాలదు. ఆయన బారిస్టరుగా సంపాదించింది ఇక్కడ, సహాయ నిరాకరణలో ఆ ప్రాక్టీసు వదిలేసి "స్వరాజ్య" పత్రిక పెట్టి ఆస్తి కరిగించుకున్నది ఇక్కడ. 1946లో ఉమ్మడి మద్రాసుకు ప్రధాని అయిందీ ఇక్కడే, అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవాళ్ళు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బహిష్కారంలో కాల్పులు జరిగితే, చనిపోయిన కుర్రాణ్ణి చూసి తీరాలని పోలీసుల తుపాకులకు ఎదురు నిలబడ్డది ప్యారీస్ కార్నర్ దగ్గర. మనం బ్రాడ్వే అని పిలిచే రోడ్డు అసలు పేరు ప్రకాశం సాలై. రోజూ ఆ రోడ్డు మీద సరుకు దింపుకునే మన వ్యాపారుల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. ఆగస్టు 23కి 2023లో చంద్రయాన్-3 దిగిన తేదీ కూడా తోడైంది. పిల్లల కోసం ఒక లైను వేయండి, కానీ ప్రకాశం గారి కిందే వేయండి.

29 గిడుగు రామమూర్తి జయంతి, 1863, తెలుగు భాషా దినోత్సవం. దీనికి మన సంఘాల్లో ప్రతిసారీ గ్రాంథిక భాషలో ఉపన్యాసం పెట్టిస్తారు, అదో తమాషా. చెన్నైతో ఆయనకున్న లంకె రెండు వైపుల నుంచి చూపొచ్చు. వాడుక భాషను పుస్తకాల్లోకి రానివ్వకూడదని నడుం కట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లో పుట్టింది మద్రాసులో, జయంతి రామయ్య పంతులు ఆధ్వర్యంలో. ఆ పోరు చాలామందికి తెలుసు. రెండోది తెలియదు. గిడుగువారు ఏళ్ళ తరబడి సవరల మధ్య తిరిగి నేర్చుకుని రాసిన సవర భాషా గ్రంథం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. అచ్చు వేసింది మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం. ఆ సర్కారు ప్రెస్సు చిరునామా మింట్. జార్జిటౌన్ నడకలో ఆ వైపు వెళితే, ఒక గిరిజన భాషకు మొదటి పెద్ద పుస్తకాలు ఈ ప్రెస్సులో అచ్చయ్యాయని పిల్లలకు చెప్పండి. నా ఉద్దేశంలో ఆయన పనిలో ఇదే ఎక్కువ బరువైనది.

ఇక హీరోల సంగతి. మీ కమిటీలో కుర్రాళ్ళు ఉంటారు, ఇది ఎలాగూ వస్తుంది. ఆగస్టు 22 చిరంజీవి, 1955. 29 నాగార్జున, 1959. 9 మహేశ్ బాబు, 1975. అంటే మద్రాసు దినం పక్కన చిరంజీవి, గిడుగు పక్కన నాగార్జున. నాగార్జున, మహేశ్ ఇద్దరూ పుట్టింది మద్రాసులోనే, చిరంజీవి నటన నేర్చుకున్నది ఇక్కడే, కాబట్టి మన పరీక్షలో ముగ్గురూ పాసే. పేజీ కింది అంచున ఒక పట్టీలో మూడు పేర్లూ వేయండి, ఫొటోలు వద్దు. ఒకరి ఫొటో పెద్దదైందని, ఇంకొకరిది పక్కకు పోయిందని వచ్చే ఫోన్ల టెన్షన్ మీకెందుకు? బతికి ఉన్నవాళ్ళకు పుట్టినరోజు అనీ, లేనివాళ్ళకు జయంతి అనీ రాయాలి. ప్రూఫు చూసేటప్పుడు ఇదొక్కటి రెండుసార్లు చూసుకోండి, ఈ తప్పు పడితే సంచిక మొత్తం వెనక్కి పిలవాల్సి వస్తుంది.

మిగిలిన వాటిలో 5న చక్రపాణి జయంతి, 1908. తెనాలి మనిషి, నాగిరెడ్డి గారితో కలిసి 1947 జూలైలో చందమామ మొదలుపెట్టినాయన. వడపళనిలో ఉండేవాళ్ళకు ఆయన ఎవరో చెప్పనక్కర్లేదు. 10న వి.వి. గిరి జయంతి, 1894. రాష్ట్రపతిగా ప్రమాణం చేసింది కూడా ఆగస్టులోనే, 1969లో 24న, కన్నుమూసింది మద్రాసులో. 31 మాత్రం జాగ్రత్తగా వేయాలి. 1925లో అదే రోజు ఆరుద్ర పుట్టారు, 2014లో అదే రోజు బాపు చెన్నైలో పోయారు. ఒకే గడిలో జయంతి, వర్ధంతి కలిపేస్తే చదివేవాళ్ళు తికమక పడతారు, రెండు గడులు చేయండి.

తేదీ తేడా వచ్చినప్పుడు ఏం చేయాలన్నది మిగిలింది. ఆగస్టు 2 పింగళి వెంకయ్య జయంతి, మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. రోజు మీద తగువు తక్కువ, ఏడాది మాత్రం 1876 అని కొందరు, 1878 అని కొందరు. 2022లో కేంద్రం 146వ జయంతి అని తపాలా బిళ్ళ విడుదల చేసింది, అంటే ప్రభుత్వం లెక్క 1876. ఇలాంటిచోట ఆ లెక్క వేసి, "1878 అనీ అంటారు" అని పక్కన పెడితే ఎవరూ తప్పు పట్టరు. తెలియనట్టు ఒకటి మింగేస్తేనే ఉత్తరాలు వస్తాయి. మన పాతకాలం వాళ్ళకు ఇంట్లో గుర్తుండేది తిథి, నక్షత్రం. ఇంగ్లీషు తేదీ బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిందే చాలామందికి. అందుకని రెండు పుస్తకాల్లో రెండు తేదీలుంటే అందులో ఒకటి బడి తేదీ అయ్యుండొచ్చు. కుటుంబం వాళ్ళో శిష్యులో రాసిన జీవితచరిత్ర దొరికితే అందులో తిథి, సంవత్సరం పేరు ఉంటాయి, పాత పంచాంగంతో సరిచూసుకోవచ్చు. తిథి ప్రకారమే జరిగేవాటికి అసలు ఇంగ్లీషు తేదీ పెట్టకండి. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమికి, దాన్ని ఏటా ఒకే తేదీకి కట్టేస్తే రాని రోజున జనం వస్తారు.

ఒక వెబ్‌సైటు చూసి ఇంకో వెబ్‌సైటుతో సరిపోల్చితే సరిచూసినట్టు కాదు, రెండూ ఒకే చోటు నుంచి ఎత్తుకున్నవై ఉంటాయి. ఎగ్మోరులో కన్నెమరా లైబ్రరీ ఉంది, తరమణిలో రోజా ముత్తయ్య లైబ్రరీ ఉంది. అనుమానం వచ్చిన రెండు మూడు తేదీలకే ఒక పూట కేటాయించండి, అన్నింటికీ తిరగనక్కర్లేదు.

పేజీ అమరిక తేదీల వరసలో కాకుండా నడక వరసలో పెట్టి చూడండి. కోట, హైకోర్టు, వైఎంసీఏ, ప్యారీస్ కార్నర్, ప్రకాశం సాలై, దేవరాజ ముదలి వీధి గుళ్ళు, ఓపిక ఉంటే మింట్. పక్కన చేత్తో గీసిన చిన్న పటం చాలు. ఆదివారం పొద్దున్నే బయల్దేరాలి, ఎండెక్కితే ముసలివాళ్ళు నడవలేరు. ఆ రోజు కొట్లు మూసి ఉంటాయి కాబట్టి వీధులూ ఖాళీగా ఉంటాయి.

సెప్టెంబరు పేజీ కూడా మీకే వస్తుంది, రాసిపెట్టుకోండి. 21న గురజాడ, 22న ఎండెన్. 1914లో ఆ రాత్రి జర్మన్ ఓడ ఎండెన్ హార్బరు దగ్గరి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది, ఊళ్ళోవాళ్ళు మూటాముల్లె సర్దుకుని పారిపోయారు. హైకోర్టు ప్రహరీకి తూర్పు వైపు దాని గుర్తుగా ఒక రాతిపలక ఉంది. ఆగస్టు నడకలో ఎలాగూ ఆ పక్కకే వెళ్తారు, ఫొటో అప్పుడే తీసి ఉంచుకోండి.